చెలి చేవ్రాలు

ఉషాపరిణయ కథలో చిత్రలేఖ లేనిచో అనిరుద్ధుడు ఉషకు స్వప్నమాత్రుడుగనే మిగిలిపోయెడివాడు. కలలో కనిపించి మాయమైన పురుషుడెవరో తెలిసికొనుటకై దేవ గంధర్వ మానవ కుమారుల రూపములను వరుసగా లిఖించి చూపినదియు, యోగశక్తిచే ద్వారకకు పోయి నిదురించుచున్న యాతనిని శోణపురమునకు కొనివచ్చినదియు ఆ నెచ్చెలియే. అయినను ఆ కార్యము నెరవేరిన పిదప చిత్రలేఖ యేమైనదో, ఆమె హృదయమున నే కోరిక లుండెనో కవి చెప్పలేదు, శ్రోత యడుగలేదు. మన కావ్యములలో చెలికత్తె నాయికకు శైత్యోపచారములు చేయును, లేఖలు చేరవేయును, నాయిక పక్షమున చంద్రుని నిందించును. తనకై తాను ఒక్కనాడును నిట్టూర్చదు. ఇద్దరు స్త్రీల స్నేహము, ఒక పురుషుని రాకకు ముందటి విరామకాలముగనే మన సాహిత్యమున శతాబ్దముల తరబడి చిత్రింపబడినది.

పల్లెల లోకమున దీనికి భిన్నమైన పద్ధతులు లేకపోలేదు. ఉత్తరాంధ్ర గ్రామములలో ఇద్దరు నేస్తము కట్టినచో వారి కుటుంబములు రెండును చుట్టరికము పాటించుట కలదు. అట్లతద్దినాడు తెల్లవారుజామున ఊయెల లూగు బాలికలును, బతుకమ్మను నడుమ నిడుకొని చప్పట్లు చరచుచు తిరుగు స్త్రీలును కూటమిలోని యానందమును బాగుగా నెరుగుదురు. కాని ఈ కూటములు పుట్టినింటి వీధికో అత్తవారింటి వీధికో చెందినవి. పెండ్లియైన నాడు పిల్ల వీధి మారును, వీధితోబాటు చెలులును మారుదురు. జీతము తెచ్చుకొను స్త్రీ తానుండు చోటును, తనతో నుండు మనిషిని తన జీతపు బలముచేత తానే యెన్నుకొనుట వేరొక చరిత్ర. ఆ చరిత్ర హైదరాబాదున అమీరుపేట, పంజగుట్టల యందు జరిగినంత సాంద్రముగా తెలుగుదేశమున మరియొకచోట జరిగియుండదని నా నమ్మకము.

ఇంగ్లండులో ఇట్టి చరిత్రకు ఒక నవలాశాఖయే యేర్పడినది. క్యాథరిన్ కుక్సన్ 1906లో టైను నదీతీరమున పేదయింట జన్మించి, అనాథలను పోషించు ప్రభుత్వాశ్రమముల బట్టల ఉతుకుశాలలో పనిచేసి, 1950లో తొలి నవలను ప్రకటించి, ఆపై నూరింటికి చేరువగా గ్రంథములు వ్రాసినది. పెక్కేండ్లపాటు ఆ దేశపు పౌరగ్రంథాలయములలో పాఠకులు అందరికంటె నెక్కువగా అరువు తీసికొనిపోయినవి ఆమె పుస్తకములే. ఆమె తెరచిన బాటలో నేడు నాన్సీ రెవెల్ సండర్లండు ఓడల కర్మాగారమున వెల్డింగు నేర్చిన యువతుల గూర్చియు, ఎలైన్ ఎవరెస్టు వూల్‌వర్తు దుకాణమున అమ్మకపు పనిచేసిన యువతుల గూర్చియు గ్రంథమాలలే వ్రాసిరి. జెన్నిఫర్ వర్త్ 1950ల నాటి తూర్పు లండనులో మంత్రసానిగా తాను గడపిన దినములను 2002లో ప్రకటింపగా, అది నవల కాకపోయినను ఆ నవలలను మించిన ప్రచారము పొందినది. యుద్ధకాలమున పురుషులు సైన్యములలోనికి పోగా కర్మాగారములలోనికి వచ్చిన స్త్రీ, యుద్ధానంతరము తన స్థానమును నిలుపుకొనుటకు పడిన పాట్లు ఈ కథల కన్నిటికిని మూలము. పెండ్లియైన స్త్రీ ఉద్యోగము మానవలెనను నిబంధన అక్కడ ఉపాధ్యాయినులకు 1944లోను, సామాన్య ప్రభుత్వోద్యోగినులకు 1946లోను తొలగినది. విదేశాంగ శాఖలో మాత్రము 1973 వరకు తొలగలేదు. ఈ కథలలో ప్రియుడు వచ్చును, పోవును, రణమున మరణించును, వేరొకతెను పెండ్లాడును; తుదివరకు నిలుచునది పక్కమంచము మీది పిల్ల, పక్కయంత్రము నడుపు పిల్ల. కన్నీటిని మిక్కిలి సులభముగా తెప్పించు ఘట్టములు వీనిలో కొన్ని యున్నను, చెలిమిని కథకు ఇరుసుగా నిలిపిన గౌరవము వీనికి దక్కవలసినదే.

మన అమీరుపేట చరిత్రకు అట్టి నవల లేదు. హుస్సేనుసాగరమునకు పడమట, అసఫ్‌జాహీల కాలమున నగరము వెలుపలి భూములుగా నున్న ఈ ప్రాంతమున, అమీరె కబీరు బిరుదాంకితులైన పాయగా ప్రభువుల పేర అమీరుపేట వెలసినది. పంజగుట్ట ప్రక్క ఎత్తైన నేలపై నవాబు ఫఖ్రుల్ ముల్కు ఎర్రమంజిలు సౌధమును కట్టించెను. అట్టి దేవిడీలలో దాదులు, వంటకత్తెలు, జనానా పరిచారికలు జీవితములు గడపిరి. పని కొరకు ఇల్లు విడిచి పరాయి కప్పుక్రింద కలిసి బ్రతికిన స్త్రీలలో ఈ గడ్డపై మొదటివారు వారే కావలెను. ప్రభువుల వంశావళులు గ్రంథములకెక్కినవి. ఆ పరిచారికల పేర్లు ఎక్కలేదు. కాలము తిరిగి ఆ జాగీర్లు ముక్కలై, సౌధములు కార్యాలయములై, తోటలు కాలనీలై, ఎర్రమంజిలు పరిసరములలో నీటిపారుదల శాఖయు, ఇంజనీర్ల కచ్చేరీలును వెలసినవి.

హైదరాబాదున 1924లో స్థాపితమైన ఆడపిల్లల కళాశాల 1949లో కోఠీలోని పాత రెసిడెన్సీ భవనమునకు చేరెను. మాడపాటి హనుమంతరావు పంతులుగారి ప్రోద్బలమున 1928లో నారాయణగూడయందు వెలసిన బాలికల తెలుగు పాఠశాల అప్పటికే ఒక తరమును చదివించియుండెను. ఇట్లు చదువుకొనిన స్త్రీలకు ఉద్యోగము దొరకు చోట్లు అధికమగుటకు 1956 నవంబరు 1వ తేదీ కారణమయ్యెను. ఆంధ్రప్రదేశ్ అవతరించి, కర్నూలు నుండి కచ్చేరీలు హైదరాబాదునకు తరలిరాగా, కాగితములను బట్టి నడచు ఆ ప్రభుత్వమునకు గుమస్తాలు, టైపిస్టులు, టెలిఫోను ఆపరేటర్లు, నర్సులు, ఉపాధ్యాయినులు కావలసివచ్చిరి. అమీరుపేట నానుకొని తొలి ముఖ్యమంత్రి పేర సంజీవరెడ్డినగరము వెలసినది. 1956లోనే అమీరుపేటలో సారథీ స్టూడియో యేర్పడి, 1959 నాటికి అచ్చట సంపూర్ణముగా తీయబడిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ వెలువడినది. వెండితెరపై మహాలక్ష్ములుగా కనిపించినవారి వెనుక నిలుచుటకును, వారి తల దువ్వుటకును, వారికి దుస్తులు సవరించుటకును దినకూలికి వచ్చిన స్త్రీల సంఖ్య తక్కువది కాదు; యూసుఫ్‌గూడ, కృష్ణానగరములలో నేటికిని వారి వారసురాండ్రు గదులు పంచుకొని జీవించుచున్నారు.

ఆ దశాబ్దమున తెలుగు నవల ఉద్యోగినిని చూడకపోలేదు. డాక్టరు పి. శ్రీదేవి 1957లో ‘తెలుగు స్వతంత్ర’యందు ధారావాహికముగా ప్రకటించిన ‘కాలాతీత వ్యక్తులు’లో ఇందిర ఉద్యోగము చేసి తండ్రిని పోషించును. ఇందిర, కల్యాణి, వసుంధర యను మువ్వురు యువతుల నడుమ విశాఖపట్టణమున నడచిన ఆ సంబంధములలో ప్రేమ యెంత కలదో ఈసు అంత కలదు, ఆశ్రయ మెంత కలదో అవసరము అంత కలదు. స్త్రీల స్నేహమును దేవతాకృత్యముగా గాక మానవకృత్యముగా తెలుగున చూపిన తొలి గొప్ప నవలగా నేను దానిని భావింతును. ముప్పదిరెండవ యేటనే శ్రీదేవి మరణించుట తెలుగు నవలకు కలిగిన నష్టములలో పెద్దది. ఆమె జీవించి హైదరాబాదు హాస్టళ్లను చూచియున్నచో మనకు కావలసిన గ్రంథము మనకు దక్కెడిదేమో. 1960ల నడుమ యద్దనపూడి సులోచనారాణి వ్రాసిన ‘సెక్రటరీ’ లక్షలాది పాఠకురాండ్రకు ఉద్యోగిని యన్న నెట్లుండవలెనో చూపెను. నాయిక జయంతి ఆత్మాభిమానమును చదివి తామును తలయెత్తి కచ్చేరీకి పోయిన యువతులు ఎందరో కలరు. ఆ నవలకు ఆ గౌరవము చాల న్యాయమైనది. అయినను అందులో జయంతికి ఎదురుగా నిలిచినవాడు రాజశేఖరము. ఆమె సరసన నిలిచిన స్త్రీ యెవరని అడిగినచో మనము తడుముకొందుము. అద్దెపుస్తకముల దుకాణములో ఆ నవలను ఒక్కరి పేర తెచ్చి నలుగురు వంతులు వేసికొని చదివినట్టి ఆ నలుగురి కథ, ఆ పుస్తకపు అట్టల వెలుపలనే యుండిపోయినది.

ఆ కథ వ్రాయగోరువారికి ఆధారములు ఎక్కడ దొరకును? స్నేహములు శాసనములు చెక్కింపవు. జాబులు పెండ్లిలోనో ఇల్లు మారునప్పుడో చిత్తుకాగితములలో కలిసిపోవును. కాని ఉద్యోగినుల స్నేహము ఒకచోట మాత్రము తిరుగులేని ఆనవాలు మిగిల్చినది. ఒక స్త్రీ మరియొక స్త్రీ కొరకు కాగితముపై చేసిన సంతకము నేను చెప్పుచున్న ఆనవాలు.

చీటీల వ్యవహారము నెరిగినవారికి ఇది సులభముగా బోధపడును. నెలనెల సొమ్ము కట్టి, అవసరము వచ్చిననాడు పాట పాడుకొని మొత్తము తీసికొను చీటీ తెలుగునాట మధ్యతరగతివారికి బ్యాంకుకంటె దగ్గరిది. కచ్చేరీలలో స్త్రీలు తమలో తాము నడుపుకొను చీటీకి కాగితము లేదు, నమ్మకమే పూచీ. ఎవరి తమ్మునికి ఫీజు కట్టవలెనో, ఎవరి తల్లికి శస్త్రచికిత్స జరుగవలెనో తెలిసికొని, పాట లేకుండనే మొదటి వంతు ఆమెకు విడిచిపెట్టుట పరిపాటి. కంపెనీలో కట్టిన చీటీ అట్లు కాదు. పాడుకొనిన సొమ్ము చేతికి రావలెనన్న జామీనుదారులు కావలెను. జామీనుకు ప్రభుత్వోద్యోగి యైనచో శ్రేష్ఠము. జీతపు ధ్రువపత్రము జతపరుపవలెను. పాడుకొనినామె వాయిదాలు కట్టకున్న జామీనుదారు జీతమునుండి కోతపడును. ఈ యపాయము నెరిగియు, భర్తకు చెప్పియో చెప్పకయో, పక్కబల్ల స్నేహితురాలికై సంతకము పెట్టిన స్త్రీలు హైదరాబాదు కచ్చేరీలన్నిటను కలరు. ఇంగ్లండున 1975లో స్త్రీపురుష వివక్షను నిషేధించు చట్టము వచ్చువరకు, సంపాదించు స్త్రీ సయితము అప్పు కోరినచో మగవాని పూచీ తెమ్మని సంస్థలు అడుగుచుండెడివి. మన చీటీల కచ్చేరీలో ఉద్యోగిని సంతకము విలువ గలదయ్యెను. ఆ విలువను ఆమె మొట్టమొదట వెచ్చించినది తన చెలికొరకు. కొందరు జామీనులు నిజముగానే మోసపోయిరి, కోతలు పడినవి, మాటలు నిలిచిపోయినవి. స్నేహము లన్నియు నిలిచినవని వ్రాసినచో అది చరిత్ర కాజాలదు.

ఇట్లే 1969లో ఉద్యోగముల రక్షణల విషయమున తెలంగాణ ఉద్యమమును, 1972లో జై ఆంధ్ర ఉద్యమమును చెలరేగినపుడు కచ్చేరీలు రెండుగా చీలినవి. ఉద్యోగుల సంఘములును ఆ పోరాటములలో ముందు నిలిచినవి. ఒకే కచ్చేరీలో ఒకే డబ్బా విప్పుకొని భుజించిన స్త్రీలు ఆ చీలికకు అతీతులని చెప్పుటకు లేదు. ఉర్దూ నుడికారముతో పెరిగిన నగరపు తెలుగును, కోస్తాజిల్లాల తెలుగును ఒకే బల్లకు ఇరుప్రక్కల కూర్చుండి ఒకదానినొకటి ఎత్తిపొడుచుకొనిన రోజులవి. యాసను బట్టి మనిషిని కొలిచిన గాయము చాలమందికి మానలేదు; స్నేహమును గూర్చి వ్రాయువారు దీనిని దాటవేయుట తగదు.

పంజగుట్ట వైపు చరిత్రకు కేంద్రము ఆసుపత్రి. నిజాము ధర్మనిధి సాయమున 1960లలో వెలసిన ఎముకల వైద్యశాల, 1980లలో నిమ్స్‌గా పెంపొంది, డాక్టరు కాకర్ల సుబ్బారావుగారి పాలనలో రాష్ట్రమునకంతకు పెద్దదిక్కయ్యెను. వైద్యుల ఖ్యాతి పత్రికలకెక్కెను. మూడు షిఫ్టులలో ఆ వార్డులను నిలిపిన నర్సుల చరిత్ర యింకను వ్రాయవలసియున్నది. రాత్రిషిఫ్టు చేయు స్త్రీలకు స్నేహము వేడుకకాదు, వృత్తిపరికరము. ఒకతె బిడ్డకు జ్వరమైనచో షిఫ్టు మార్చుకొనవలెను. ఒకతె మంచముల వరుసలో మరణము చూచి వణకినచో వేరొకతె ఆ శవమును కడుగుటకు ముందు నడువవలెను. తెల్లవారి బస్సు దొరకువరకు కలిసి నిలువవలెను. మలయాళ దేశపు నర్సులును తెలుగు నర్సులును ఒక్కవార్డున కలిసినచోట హిందీ తెలుగు మలయాళములు కలగలిసిన సంకేతభాష పుట్టును. బ్రిటనులో 1948 జులై 5వ తేదీన జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమై, నర్సుల కొరకు కరేబియను దీవులనుండి యువతులను రప్పించుకొనినప్పుడు, అక్కడి నర్సుల వసతిగృహములలో జరిగినదియు ఇట్టిదే. పరాయినాట ఒకేగదిలోని మంచము ఆ పిల్లలకు పుట్టినిల్లయినది.

ఇక హాస్టళ్ల సంగతి. కేంద్రప్రభుత్వము 1972-73లో ఉద్యోగినుల హాస్టళ్ల నిర్మాణమునకు సంస్థలకు ధనసాయము చేయు పథకమును ప్రారంభించినది. తెలుగువారిలో ఈ భావమునకు అంతకు మునుపే రూపమిచ్చినవారు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు. వారి ఆంధ్రమహిళాసభ మద్రాసున 1937లో మొలకెత్తి, పిదప హైదరాబాదునకును వ్యాపించినది. చదువు, వసతి, వృత్తి మూడును ఒక్కచోట దొరకినగాని స్త్రీ నిలదొక్కుకొనజాలదను వారి యభిప్రాయము కాలపరీక్షకు నిలిచినది. 1980లలో మరి మూడు మార్పులు జరిగినవి. ప్రభుత్వోద్యోగముల ప్రత్యక్ష నియామకములలో స్త్రీలకు 30 శాతము స్థానములు కేటాయించు నిబంధన వచ్చెను, దానిని 1995లో సుప్రీంకోర్టు సమర్థించెను. 1983లో తిరుపతియందు మహిళా విశ్వవిద్యాలయము వెలసెను. 1985నుండి వర్తించునట్లు కుమార్తెకు ఉమ్మడి యాస్తిలో కుమారునితో సమానమైన హక్కు కలిగించుచు ఆంధ్రప్రదేశ్ చట్టము చేసెను. కుమార్తెను పరీక్షలకొరకు పట్నము పంపవచ్చునను ధైర్యము జిల్లాలలోని తండ్రులకు ఇట్లు క్రమముగా కలిగినది.

ఆ పంపుటకు గమ్యస్థానము 1990లలో అమీరుపేట యయ్యెను. మైత్రీవనము చుట్టును, ఆదిత్య ట్రేడ్ సెంటరు చుట్టును కంప్యూటరు శిక్షణ సంస్థలు గుంపులుగుంపులుగా వెలసినవి. 2000 సంవత్సరపు తేదీల చిక్కు తీర్చుటకై అమెరికాకు మనుషులు కావలసివచ్చి కోబాల్, మెయిన్‌ఫ్రేము నేర్పినారు, తరువాత జావా, ఒరాకిల్, శాప్ నేర్పినారు. 1998 నవంబరు 22న మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప ఆ పేటకు విశ్రాంతి లేదు. సంజీవరెడ్డినగరము, మధురానగరము, బల్కంపేట, పంజగుట్ట వీధులలో పాత మేడలు లేడీస్ హాస్టళ్లయినవి. ప్రతి స్తంభము మీదను, ప్రతి ప్రహరీ మీదను ‘టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్’ అను కాగితము లంటినవి. నాలుగు ఇనుపమంచములు, ఒక బీరువా, ఒక ఫ్యాను, కిటికీకి అడ్డముగా ఆరవేసిన బట్టలు, మంచముక్రింద ట్రంకులు, ఇదియే గది. గేటు మూయువేళ వార్డెనుది. మెస్సులో ఇడ్లీ వేళ వంటమనిషిది. వేసవిలో ట్యాంకరు వచ్చు వేళ ఎవరిదియు కాదు.

ఈ గదులలో నేర్చిన చదువు శిక్షణసంస్థలలో నేర్చినదానికి తీసిపోదు. కరీంనగరు పిల్లయు, తెనాలి పిల్లయు, అనంతపురము పిల్లయు, రాయగడనుండి వచ్చిన తెలుగుపిల్లయు ఒక గదిలో చేరి, మొదటి వారము ఒకరి యాసను ఒకరు ఆశ్చర్యముగా విందురు. రెండవ నెలకు ఎవరి ఆవకాయ యెవరి సీసాలోనిదో తెలియదు. ఇంటర్వ్యూకు పోవు పిల్ల ఒకరి చీర, ఒకరి వాచీ, ఒకరి చెప్పులు ధరించి పోవును. ఉద్యోగము ముందు దొరకినామె దొరకనివారి హాస్టలు బాకీ కట్టును. ఆ బాకీ తిరిగి ఇమ్మని అడుగుటకు సిగ్గుపడును. ఇంటికి ఫోనుచేసి ‘ఉద్యోగము వచ్చినది’ అని అబద్ధమాడిన పిల్లకు నిజము వచ్చువరకు గది యంతయు కాపలా కాయును. ఆషాఢమున బల్కంపేట ఎల్లమ్మ కల్యాణమునకు జనము పోటెత్తునపుడు, నేలమట్టమునకు దిగువనున్న ఆ తల్లిని చూచుటకు గది గదియు కదలిపోవును. ఫలితములు వెలువడు వారమున మొక్కుకొనినవారు ఆ వరుసలో నెక్కువ.

ఇచ్చటను సంతకములే చరిత్ర. హాస్టలులో చేరునపుడు స్థానిక సంరక్షకుని సంతకము కావలెను. నగరమున బంధువు లేని పిల్లకు ఆ గడిలో సంతకము చేయునది, అంతకు రెండేండ్ల ముందు అట్లే వచ్చి ఉద్యోగము సంపాదించిన ఊరి పిల్ల. ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు సమ్మతిపత్రము పెట్టినపుడు, తలిదండ్రులు రైలులో నుండగా సంతకము చేయునది గదిలోని చెలి. వీని యన్నిటికంటె గంభీరమైనది పెండ్లి రిజిస్టరు. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము ప్రకారము కులమతములు వేరైనవారు పెండ్లాడవలెనన్న ముప్పది దినములు ముందుగా నోటీసు ఇయ్యవలెను, వధూవరులలో ఒకరు ఆ జిల్లాలో ముప్పది దినములు నివసించియుండవలెను, మువ్వురు సాక్షులు సంతకము చేయవలెను. ఆ ముప్పది దినములును ఆ పిల్ల యెక్కడ నుండును? హాస్టలు గదిలో నుండును. ఆ నోటీసు గోడకెక్కి ఊరికి తెలియునేమోనను భయమును ఎవరు పంచుకొందురు? గదిలోనివారు పంచుకొందురు. సెలవు పెట్టి, రిజిస్ట్రారు కచ్చేరీ వరండాలో నిలిచి, రేపు ఆ పిల్ల తండ్రి వచ్చి నిలదీయునని యెరిగియు, సాక్షి గడిలో పేరు వ్రాసిన చెలి, చిత్రలేఖకంటె పెద్ద కార్యము చేసినది. చిత్రలేఖకు యోగశక్తి యుండెను, ఈమెకు నెలజీతము మాత్రమే యుండెను.

ఉద్యోగిని పెండ్లి విషయమున మన రాజ్యమే చాలకాలము అనుమానపడినది. విదేశాంగ సేవలో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మగారు, స్త్రీ పెండ్లాడుటకు ప్రభుత్వానుమతి పొందవలెనను నిబంధనను సుప్రీంకోర్టులో ఎదిరింపగా, 1979లో న్యాయమూర్తి కృష్ణయ్యరుగారి ధర్మాసనము ఆ వివక్షను తీవ్రముగా గర్హించెను. ఆమె ఒంటరిగా పోరాడెనని చరిత్ర చెప్పును. సామాన్యోద్యోగినులకు అట్టి వ్యాజ్యములు లేవు. వారి నిబంధనలు కాగితము మీద లేవు, అత్తగారి నోటిలో నుండెను.

అమీరుపేట, పంజగుట్టల చీరల దుకాణములలోను నగల దుకాణములలోను నిలుచుండి పనిచేయు యువతుల విషయము మరియొకటి. సాఫ్టువేరు పిల్లలకు పత్రికలలో చోటు దొరకినది, వీరికి దొరకలేదు. ఒక్కచీర కొనుటకు వచ్చినవారి యెదుట నలుబది చీరలు విప్పి మరల మడతపెట్టు ఈ పనిలో పగలంతయు కూర్చుండుటకు వీలులేదు. ఒకరు నడుము వాల్చుటకు పక్కకు పోయినచో మరియొకరు ఆ కౌంటరును కూడ చూచుకొనుట, సూపర్‌వైజరు వచ్చునపుడు కనుసైగ చేయుట, నెలసరి దినములలో ఒకరి వంతు బరువు మరియొకరు మోయుట వీరి స్నేహధర్మములు. కేరళలో కోళికోడు వీధి దుకాణముల స్త్రీలు ఇట్టి స్నేహమునే ‘పెణ్‌కూట్టు’ అను సంఘముగా మార్చి, మొదట మరుగుదొడ్ల కొరకును, తరువాత కూర్చుండు హక్కు కొరకును పోరాడగా, 2018లో ఆ రాష్ట్రము చట్టమును సవరించెను. 2021లో తమిళనాడు అనుసరించెను. ఒక దుకాణపు కనుసైగలు ఒక రాష్ట్రపు చట్టమగుట నా దృష్టిలో మన కాలపు గొప్ప ఘట్టములలో నొకటి. అమీరుపేట అమ్మకపు యువతులకు కుర్చీ యిప్పించుటకు ఆ స్నేహమునకు సంఘరూపము రావలసియున్నది.

2017 నవంబరులో మెట్రోరైలు వచ్చి, రెండు దారులును అమీరుపేటలో కలిసినవి. పక్కనే మధురానగరు స్టేషనును స్త్రీలను ఉద్దేశించి తరుణి యను పేర తీర్చిరి. పదిగంటల రాత్రి ఒంటరిగా దిగు పిల్లకు హాస్టలు గేటువరకు ఫోనులో మాటాడుచు తోడువచ్చు చెలి, ఏ దీపస్తంభముకంటెను ఎక్కువ ధైర్యము.

ఈ చరిత్రకు అన్నిటికంటె కఠినమైన దినము 2020 మార్చి 25. ఆనాడు శార్వరి నామ సంవత్సర ఉగాది. ముందునాటి రాత్రి ఎనిమిది గంటలకు దేశమంతటను లాక్‌డౌను ప్రకటితమైనది. అమీరుపేట, సంజీవరెడ్డినగరము, పంజగుట్ట ప్రాంతములలోని హాస్టళ్లు అనేకము ఖాళీ చేయుడని చెప్పగా, ఉగాదినాడు వేలకొలది యువతీయువకులు సంచులతో రోడ్డుమీదికి వచ్చిరి. ఊరికి పోవుటకు అనుమతి పత్రము కొరకు సంజీవరెడ్డినగరు, పంజగుట్ట పోలీసు ఠాణాల యెదుట పొడవైన వరుసలు కట్టిరి. పత్రములు పొంది బయలుదేరినవారు కృష్ణాజిల్లా సరిహద్దున గరికపాడు చెక్‌పోస్టు వద్ద నిలిచిపోయిరి. రెండు ప్రభుత్వములును మాటాడుకొని దారి తేల్చువరకు ఎండలో, చీకటిలో, రోడ్డుప్రక్కన కాలము గడపిరి. హాస్టళ్లు మూయరాదని ప్రభుత్వము ఆజ్ఞ జారీచేసి, పోలీసులు పత్రములిచ్చుట ఆపిరి. అద్దెకు తీసికొన్న మంచము ఇల్లు కాదని ఒక్క సాయంత్రమున ఆ పిల్లలకు తెలియవచ్చెను. ఊరు పోలేనివారు నగరమున సొంతగది గల స్నేహితురాలి గదికి చేరిరి. ఇద్దరి గదిలో అయిదుగురు, ఒక గ్యాసు పొయ్యి, ఒక పప్పుడబ్బా. ఎవరి పేర అద్దెపత్రమున్నదో ఆమె సంతకముక్రింద తక్కినవారందరు ఆ వేసవి గడపిరి.

ఇట్టి కథలను ఏరి నిలుపు విధము మన నగరమునకు కొత్తది కాదు. హైదరాబాదున 1978లో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటనవారు, తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల నోటిమాటలను సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రకటించిరి, ఆ గ్రంథమును తయారుచేసినదియు స్నేహితురాండ్ర బృందమే. అదే సంవత్సరమున ఓల్గా ‘సహజ’ను వెలువరించి, స్నేహితురాండ్ర జీవితములనే నవలావస్తువు చేసెను; తరువాత ‘విముక్త’ కథలలో సీతకు శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను చెలులుగా చేసి, ఇతిహాసము చెలిమిచే కలుపని స్త్రీలను కలిపెను. కొండవీటి సత్యవతి నడపిన ‘భూమిక’ పత్రిక 1993నుండి ఉద్యోగినుల మాటకు చోటిచ్చినది. దారి యున్నది, నడచినవారున్నారు. అమీరుపేట వరకు ఎవరును ఇంకను రాలేదు.

వచ్చువారు తొందరపడవలసియున్నది. హాస్టళ్ల రిజిస్టర్లు మేడ చేతులు మారినపుడెల్ల చిత్తుకాగితములవానికి పోవుచున్నవి. గడువు తీరిన చీటీల దస్తావేజులు దహింపబడుచున్నవి. 1960లలో తొలిజీతము తీసికొన్న టైపిస్టులు ఎనుబదియేండ్లు దాటుచున్నారు. పెండ్లి రిజిస్టర్లు మాత్రము రాజ్యము భద్రపరచును. సాక్షుల పేర్లతోబాటు చిరునామాలును వానిలో నుండును. ఆ సాక్షులలో ఇంకను జీవించియున్నవారి సమ్మతితో అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యున్నవి: ఆనాడు సెలవుచీటిలో ఏ కారణము వ్రాసితిరి, పెండ్లికూతురి తండ్రి మరునాడు వచ్చినాడా, వచ్చినచో తలుపు తీసినవారెవరు, ఆ నెల మెస్సు బాకీ యెవరు కట్టిరి, ఆమెయు మీరును చివరిసారి యెప్పుడు మాటాడుకొంటిరి.